దెబ్బ తప్పితే తప్పెవరిది?

హైదరాబాద్,
ఆదివారం

ఒరేయ్ కిట్టూ,

నీ ప్రాజెక్టు కాగితాలు అందాయి, తీరిగ్గా చదివాను. కొండవీటి కోట, రాత్రి కాగడాలు, బురుజు మీద కాపలా భటులు, చేతిలో ఫోనే కత్తి, ఎదురుగా ల్యాప్‌టాప్ తెర మీద పోరు. ఊహ బాగుంది. కానీ పన్నెండు పేజీల్లో పదకొండు కోట గురించే రాశావు. మెట్లు, గుర్రపుశాల, ఏ రాయి ఏ రంగులో ఉండాలో కూడా ఉంది. నీ కత్తికి ఎదురు నిలిచేవాడి గురించి మాత్రం "శత్రుసైనికులు వస్తారు" అని ఒకే ఒక్క వాక్యం. నీ ఆట నిలబడినా పడిపోయినా ఆ వాక్యం దగ్గరే. అందుకే ఈ ఉత్తరం.

బాబాయి "ఇది చదువా, ఆటా" అని అడిగారని రాశావు. రెండూ అని చెప్పు. నా ఉద్యోగం గురించి ఆయన ఇప్పటికీ అదే అడుగుతారు.

కోడ్ మొదలుపెట్టే ముందు ఒక పని చెయ్యి. నింటెండో వాళ్ల 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా: స్కైవర్డ్ స్వోర్డ్' ఆడు. నా స్విచ్ కన్సోల్, గేమ్ కార్డు రెండూ పెద్దమ్మ వాళ్లు వస్తూ తెస్తారు. 2011 నవంబరులో వీ కన్సోల్ కోసం వచ్చిన ఆట ఇది. హిదెమారో ఫుజిబయాషి దర్శకుడు, ఎయిజీ అవొనుమా నిర్మాత. 2021 జులైలో మెరుగులు దిద్ది స్విచ్‌కి మళ్లీ తెచ్చారు. మేఘాల పైన తేలే ఊరు, అందులో వీరులకి శిక్షణ ఇచ్చే బడి, పెద్ద పక్షి మీద స్వారీ చేసే లింక్ అనే కుర్రాడు, కత్తిలో కాపురమున్న ఫై అనే ఆత్మ. యూరప్ మధ్యయుగపు వీరగాథకి జపాన్ వాళ్లు చేసిన ముస్తాబు. చెయ్యి తిప్పితే కత్తి తిరిగే ఆటల్లో ఇంత పట్టుదలగా చేసింది ఇంకొకటి నేను చూడలేదు. ఇంత విసిగించిందీ చూడలేదు. నీకు రెండూ పనికొస్తాయి.

ఈ ఆట ఎందుకంత పట్టుదలగా ఉందో తెలియాలంటే దాని ముందుది చూడాలి. 2006లో వీ వచ్చినప్పుడు దాని రిమోట్‌లో త్వరణాన్ని కొలిచే సెన్సారూ, టీవీ దగ్గర పెట్టిన బార్‌లోని పరారుణ దీపాల్ని గమనించే చిన్న కెమెరా ఉండేవి. చెయ్యి కదిలిందని తెలిసేది గానీ ఏ వాటంలో ఉందో కచ్చితంగా తెలిసేది కాదు. ఆ ఏడే వచ్చిన 'ట్విలైట్ ప్రిన్సెస్' అనే జెల్డా ఆటలో నువ్వు రిమోట్ ఎటు ఊపినా కత్తి తన పద్ధతిలో తను తిరిగేది. బటన్ నొక్కే బదులు చెయ్యి ఊపడం, అంతకు మించి ఏమీ లేదు. అన్నట్టు, అప్పటిదాకా లింక్ ఎడమచేతివాటం మనిషి. ఆడేవాళ్లలో ఎక్కువమంది రిమోట్‌ని కుడిచేత్తో పట్టుకుంటారని వీ కోసం మొత్తం లోకాన్నే కుడిఎడమలు మార్చేశారు. తూర్పున ఉండాల్సినవి పడమటికి పోయాయి! నీ కాగితాల్లో ఎడమచేతివాళ్ల ఊసే లేదు, చూసుకో.

2009లో రిమోట్‌కి తగిలించే మోషన్‌ప్లస్ వచ్చింది. అందులో తిరగడాన్ని కొలిచే జైరో సెన్సార్ ఉంది. స్కైవర్డ్ స్వోర్డ్ దాని మీదే కట్టిన ఆట, అది లేకపోతే వీలో ఆట నడవదు. నువ్వు చేతిని మెల్లగా పైకెత్తితే లింక్ కత్తి కూడా మెల్లగా పైకి లేస్తుంది. ఊరికే నిలబడి కత్తి అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండొచ్చు. మొదటి పది నిమిషాలూ అందరూ చేసేది అదే, నువ్వూ చేస్తావు.

ఇప్పుడు అసలు మాట. బటన్ ఆటలో దెబ్బ తప్పితే ఆడేవాడికి అనుమానం ఉండదు, ఆలస్యంగా నొక్కానని తనకే తెలుసు. చెయ్యి ఊపే ఆటలో దెబ్బ తప్పితే? నేను సరిగ్గా ఊపలేదా, యంత్రం సరిగ్గా చదవలేదా? ఈ అనుమానం ఒకసారి బుర్రలో దూరిందంటే ఎంత అందమైన కోట చూపించినా లాభం లేదు. స్కైవర్డ్ స్వోర్డ్‌లో బాగున్న ఘట్టాలన్నీ ఆ అనుమానానికి చోటివ్వనివి. విసుగు పుట్టించేవాటిలో చాలావరకు దాన్ని పెంచేవి.

బాగున్నవాటి సంగతి ముందు చెబుతాను, అక్కడ నేర్చుకునేది ఎక్కువ. అడవిలో మొదట ఎదురయ్యే డెకూ బాబా అనే మాంసాహారి మొక్క చూడు. దాని నోరు ఒకసారి అడ్డంగా తెరుచుకుంటుంది, ఒకసారి నిలువుగా. అడ్డంగా తెరిస్తే అడ్డవేటు, నిలువుగా తెరిస్తే నిలువు వేటు. ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, ఆ నోరే చెబుతుంది. తర్వాత బొకోబ్లిన్ అనే సైనికులు తమ కత్తిని అడ్డం పెట్టి ఒక వైపు కాచుకుంటారు. కాచుకోని వైపు నుంచి కొట్టాలి. మూడు తలల ఎముకల పాము ఉంది. ఒక తల నరికితే మళ్లీ మొలుస్తుంది. మూడూ ఒక వరసలోకి వచ్చే క్షణం కోసం ఆగి ఒక్క వేటుతో మూడూ తీసేయాలి. స్టాల్ఫోస్ అనే అస్థిపంజరం రెండు కత్తులు పట్టుకుని నిలుస్తుంది. వాటి మధ్య ఏ సందు ఖాళీగా ఉందో చూసి ఆ సందులోంచే కత్తి పంపాలి. ఎడారిలోని గనిలో కొందరు కరెంటు కర్రలు పట్టుకుంటారు. తొందరపడి ఆ కర్ర మీద కొట్టావా, షాకు నీకే.

గమనించావా? వీటిలో ప్రతి శత్రువూ తను నిలుచునే తీరుతోనే ఒక ప్రశ్న వేస్తున్నాడు. జవాబు నీ చేతి దిక్కులో ఉంది. కత్తి ఎనిమిది దిక్కుల్లో నరుకుతుంది, ముందుకి పొడుస్తుంది, ముఖ్యంగా ఇవే. ఆ కొద్దిపాటి దిక్కులతోనే అన్ని ప్రశ్నలు పుట్టించారు. దెబ్బ తప్పితే ఏం తప్పు చేశావో తెర మీదే కనిపిస్తుంది, యంత్రాన్ని తిట్టాలని అనిపించదు. చేతి కదలికకి బదులు ఒక బటన్ పెట్టి చూడు, ఈ ప్రశ్నల్లో సగం మాయమవుతాయి. మోషన్ కంట్రోల్ పెట్టడానికి కారణం ఉందా లేదా అని తేల్చే పరీక్ష అదే.

మొదటి గుడి చివర గిరాహిమ్ అని ఒకడు వస్తాడు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చినవాడు వాడే. ఉత్త చేత్తో తీరిగ్గా నడుచుకుంటూ నీ మీదికి వస్తాడు. నీ కత్తి ఎటుంటే వాడి చెయ్యి అటు తిరుగుతుంది. ఆ వైపు నుంచి కొడితే రెండు వేళ్లతో కత్తి పట్టేసుకుంటాడు. కాబట్టి కత్తిని కావాలని ఒక పక్కన పట్టుకుని, వాడి చేతిని అటు లాగి, చటుక్కున ఇంకో పక్క నుంచి కొట్టాలి. అంటే కొట్టకముందు నీ చెయ్యి ఎక్కడుందన్నది కూడా ఆటలో భాగమైంది. ఊపడాన్ని మాత్రమే లెక్కపెట్టే ఆటల్లో ఇది కుదరదు. చాలామంది ఇక్కడే కోపంతో కంట్రోలర్ పక్కన పడేశారు, ఎడాపెడా ఊపితే వాడు గెలుస్తాడు మరి. కష్టమైనా న్యాయమైన పోరు అంటాను. నువ్వు ఒప్పుకోకపోయినా సరే, వాడితో తలపడిన తర్వాతే వాదించు.

కత్తి కాని పనుల్లోనూ కొన్ని ముచ్చటగా ఉన్నాయి. తలుపు మీద ఉన్న పెద్ద కన్ను నీ కత్తి మొననే చూస్తూ ఉంటుంది. మొనని గుండ్రంగా తిప్పుతూ ఉంటే దానికి కళ్లు తిరిగి పడిపోతుంది. బాంబుని చెయ్యి కిందినుంచి తెచ్చి దొర్లించవచ్చు. వంకరటింకర తాళంచెవిని తలుపు గంటుకి సరిపోయేలా చేతిలోనే తిప్పి పట్టుకోవాలి. చిన్న సరదాలే, కానీ చెయ్యి చేసే పనీ తెర మీద పనీ ఒకటే కాబట్టి తియ్యగా ఉంటాయి.

ఇక లోపాలు. మొదటిది అన్నిటికంటే మొండిది. చేతిలో బరువు లేదు. మధ్యయుగంలో ఒంటిచేత్తో తిప్పే కత్తి దాదాపు కిలో, కిలోంబావు ఉండేది. స్విచ్ కంట్రోలర్ జాయ్‌కాన్ సుమారు 50 గ్రాములు. నువ్వు మన ఊళ్లో కర్రసాము నేర్చుకున్నావు కదా, ఎదుటివాడి కర్రకి నీ కర్ర తగిలితే నీ చెయ్యి అక్కడే ఆగుతుంది, మోచేతి దాకా జివ్వుమంటుంది. ఆటలో శత్రువు అడ్డుకున్నప్పుడు తెర మీద కత్తి ఆగిపోతుంది, నీ చెయ్యి మాత్రం ఎడమ భుజం దాకా వెళ్లిపోయి ఉంటుంది. ఆ క్షణం నుంచి నీ చెయ్యి ఒకచోట, లింక్ చెయ్యి ఒకచోట. నింటెండో దీన్ని కొంత కప్పిపుచ్చింది. తగిలినప్పుడు కంట్రోలర్ వణుకుతుంది, చప్పుడు గట్టిగా ఉంటుంది, అడ్డం తగిలితే లింక్ తూలుతాడు. నీకున్న ఉపాయాలూ ఇవే. దెబ్బ తగిలిన క్షణం బొమ్మని రెప్పపాటు స్తంభింపజేసి చూడు, చేతికి లేని బరువు కంటికి తెలుస్తుంది.

తలకి తొడిగే వీఆర్‌లో 'బ్లేడ్ అండ్ సార్సరీ' అని ఒకటుంది. 2018లో అసంపూర్తిగానే అమ్మకం మొదలుపెట్టి 2024లో పూర్తిచేశారు. అందులో బరువైన గొడ్డలి నీ చెయ్యి వెంట వెంటనే రాదు, వెనకబడి వస్తుంది. చెయ్యీ ఆయుధమూ వేరుపడటాన్ని దాచకుండా దాన్నే బరువు చేశారన్నమాట. తెలివైన పనే, కానీ నీ ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ అంత తూగదు, దాని జోలికి పోకు.

రెండో లోపం నీకు మొదటి వారంలోనే ఎదురవుతుంది. కుడి నుంచి ఎడమకి కొట్టాలంటే మనిషి ముందు చేతిని కుడికి లాగుతాడు. ఆ లాగడాన్నే యంత్రం వేటు అనుకుని కుడి వైపు నరికేస్తుంది. గిరాహిమ్ ముందు ఇలా జరిగితే ఒళ్లు మండుతుంది. పొడవడం మరీ గండం. చెయ్యి నేరుగా ముందుకి తోశాననే నువ్వు అనుకుంటావు, మణికట్టు కాస్త వంగేసరికి అది నిలువు వేటు అయిపోతుంది. ఇక్కడ తప్పు ఆడేవాడిది కాదు, కాబట్టి సర్దుకోవాల్సింది ఆటే. మెల్లగా లాగిన కదలికని వేటుగా లెక్కపెట్టకు. ఒక వేగం దాటాకే లెక్కలోకి తీసుకో, దిక్కుని కూడా మొదట్లో కాదు, వేగం శిఖరానికి చేరినప్పుడు చూడు. సందేహం వస్తే ఆడేవాడి వైపు తీర్పివ్వు.

మూడోది జరుగుడు. జైరో కోణాన్ని కొలవదు, ఎంత వేగంగా తిరుగుతోందో కొలుస్తుంది. ఆ వేగాల్ని కూడుకుంటూ పోతే కోణం వస్తుంది. ప్రతి కూడికలో రవ్వంత తప్పు చేరి, కాసేపటికి మధ్యలో ఉండాల్సిన కత్తి పక్కకి వెళ్తుంది. ముందుకీ వెనక్కీ, పక్కలకీ వంగితే గురుత్వాకర్షణ ఆసరా ఉంది, కింద ఎటో త్వరణ సెన్సార్ చెబుతుంది. నేల మీద కుడికీ ఎడమకీ తిరగడానికి ఆ ఆసరా లేదు. అందుకే స్విచ్‌లో మాటిమాటికీ వై బటన్ నొక్కి మధ్యకి తెచ్చుకోవాలి. ఫోనులో దిక్సూచి ఉందిగా అంటావేమో. ల్యాప్‌టాప్ పక్కన, హాస్టల్ ఇనప మంచం పక్కన దాని మాట నమ్మకు. ఆండ్రాయిడ్‌లో అయస్కాంత సెన్సార్ కలవని రొటేషన్ సెన్సార్ విడిగా ఉంది, ఆటల కోసం ఇచ్చిందే, అది వాడు. మధ్యకి తెచ్చే బటన్ చూడకుండానే బొటనవేలికి తగలాలి. దానికన్నా మేలు, ప్రతి పోరు ముందూ భటుడు నమస్కరిస్తే ఆటగాడూ కత్తిని ముఖం ముందు నిలబెట్టి వందనం చెయ్యాలని పెట్టు. మర్యాదా జరుగుతుంది, కత్తీ మధ్యకి వస్తుంది.

వైర్‌లెస్ సంగతి కూడా మర్చిపోకు. 2010లో లాస్ ఏంజెలిస్‌లో ఈ3 అనే ఆటల ప్రదర్శనలో జెల్డాని పుట్టించిన మియామోటో అంతటివాడు వేదికెక్కి ఈ ఆట చూపించబోతే కత్తి చెప్పినమాట వినలేదు. హాల్లో వైర్‌లెస్ పరికరాల రద్దీ వల్ల అని అక్కడే చెప్పారు, కానీ చూసినవాళ్లకి అనుమానం నాటుకుపోయింది. మీ డెమో రోజున ల్యాబ్ నిండా ఫోన్లు ఉంటాయి, అందరూ ఒకే వైఫై మీద. నీ ల్యాప్‌టాప్ నుంచి సొంత హాట్‌స్పాట్ పెట్టుకో.

ఈ ఆట చేసిన ఇంకో పొరపాటు, దొరికింది కదా అని ప్రతి పనికీ చెయ్యే వాడటం. పక్షి మీద ఎగరడానికి చెయ్యి వంచాలి, నీళ్లలో ఈదడానికి వంచాలి, హార్ప్ వాయించడానికి అటూ ఇటూ ఊపాలి. ఈదేటప్పుడు చెయ్యి వంపుకీ ఈతకీ ఏం పొత్తు? అక్కడ కర్రలాంటి మీట ఉంటే హాయిగా ఉండేది. పూర్తిచేయడానికి ముప్పై, నలభై గంటలు పట్టే ఆట ఇది. చెయ్యి నొప్పెడుతుంది, నిలబడి మొదలెట్టినవాడు సోఫాలో కూలబడి మణికట్టుతో చిన్నగా విదిలిస్తూ ఆడతాడు. అలా ఆడినా ఆట నడుస్తుంది, అది దాని మంచితనం. నీ ఆట కూడా కుర్చీలో కూర్చున్నవాడిని ఒప్పుకోవాలి. నడక మాత్రం ఫోను తెర మీద బొటనవేలికి వదిలెయ్యి.

కంట్రోలర్‌తో సంబంధం లేని విసుగులు కూడా ఉన్నాయి. పాత వీ ఆటలో ఫై మాటిమాటికీ అడ్డం వచ్చి నీకు తెలిసిన సంగతే చెప్పేది, చివరికి రిమోట్ బ్యాటరీ తగ్గిందని కూడా. ఒకే కొండలాంటి రాక్షసుడితో మూడుసార్లు పోరాడించారు, తిరిగిన అడవుల్లోనే తిప్పారు. స్విచ్‌లో ఫై నోరు చాలావరకు కట్టేశారు. ఎడారిలో ఒక రాయిని కొడితే చుట్టూ ఉన్న కాస్త మేర గతకాలంలోకి వెళ్లి, ఇసుక పచ్చికై, తుప్పుపట్టిన యంత్రాలు లేచి పని మొదలుపెట్టే భాగం మాత్రం అద్భుతం. దానికీ చేతి కదలికకీ సంబంధం లేదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

పోల్చి చూడటానికి ఇంకో ఆట చెబుతాను. 2011లోనే ప్లేస్టేషన్ 3కి 'మెడీవల్ మూవ్స్: డెడ్‌మండ్స్ క్వెస్ట్' అని ఒకటొచ్చింది. అస్థిపంజరంగా మారిపోయిన రాకుమారుడి కథ. మూవ్ కంట్రోలర్ కొసన వెలిగే బంతిని కెమెరా చూస్తూ ఉంటుంది కాబట్టి చెయ్యి గదిలో ఎక్కడుందో దానికి తెలుసు. చేతిని భుజం వెనక్కి పెడితే పొదిలోంచి బాణం చేతికొస్తుంది. ఎవరికీ నేర్పక్కర్లేదు. కానీ నడక నీ చేతిలో లేదు, ఆటే నిన్ను ఒక శత్రువు నుంచి ఇంకో శత్రువు దగ్గరికి తీసుకెళ్తుంది. కోట అంతా ఒక సందులా అనిపిస్తుంది. పెద్ద సంస్థలకి అది లోపం. నాలుగు నెలల్లో ఒక్కడివే చేసే ప్రాజెక్టుకి అదే దారి అనిపిస్తోంది నాకు. కొండవీటి కోటంతా కట్టకు. ఒక బురుజు, ఒక మెట్లవరస చాలు. ఆ పదకొండు పేజీలు దాచుకో, ఉద్యోగం వచ్చాక పనికొస్తాయి.

రెండు చిన్న మాటలు. ఒకటి, మణికట్టు తాడు కట్టకుండా ఫోను ఎవరి చేతికీ ఇవ్వకు. వీ వచ్చిన కొత్తలో తాళ్లు తెగి రిమోట్లు టీవీలకి తగులుతుంటే నింటెండో 32 లక్షల తాళ్లు మార్చి ఇవ్వాల్సొచ్చింది. రెండు, చెయ్యి ఊపలేనివాళ్లు కూడా ఆడాలి. స్విచ్‌లో కుడి స్టిక్ ఎటు తోస్తే కత్తి అటు నరికేలా ఒక పద్ధతి పెట్టారు. అప్పుడు కెమెరా తిప్పాలంటే ఇంకో బటన్ నొక్కిపట్టాలి, కాస్త ఇబ్బందే. గిరాహిమ్‌తో ఆ పద్ధతిలో కూడా ఆడి చూడు. ఏం పోయిందో, ఏం మిగిలిందో నీకే తెలుస్తుంది. నీ ఆటలో ఈ ఏర్పాటు చివర్లో అతికించేలా కాకుండా మొదటే పెట్టు.

ఇప్పుడు చేయాల్సింది ఒక్క భటుణ్ణి తయారుచేయడం. నల్లటి గది, కాగడాలు లేవు, కోట లేదు. వాడు కత్తి అడ్డంగా పడతాడు, నిలువుగా పడతాడు, మధ్యలో ఒకసారి మోసం చేస్తాడు. వాడితో పోరు రక్తి కట్టేదాకా రెండోవాణ్ణి చేయకు. ఆ తర్వాత హాస్టల్లో ఆటలు ఆడనివాళ్లని కూడా పిలిచి కూర్చోబెట్టు. బాగుందా అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. నువ్వు పక్కన నిలబడి, దెబ్బ తప్పిన ప్రతిసారీ వాళ్ల కళ్లు ఎటు పోయాయో రాసుకో, తెర మీది భటుడి వైపా, చేతిలో ఉన్న ఫోను వైపా. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. ఫోను వైపు చూసినవాళ్లు ఎక్కువుంటే శనివారం ఫోన్ చెయ్యి, కూర్చుని వేటుకి పెట్టిన వేగం అంకెలు సరిచేద్దాం.

పిన్నికి, బాబాయికి నమస్కారాలు.

మీ అక్క